నలభై రూపాయల ట్యూబు
(నలుపు మాటలు - 11)

"ఆ చున్నీ తియ్యమ్మా, ముఖం కనపడకపోతే హాజరెట్లా వెయ్యను?" అని క్లాసులో నవ్వుతూ అన్నాను. నవ్వినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

జూలూరుపాడు దగ్గర పల్లె నుంచి బస్సెక్కి వచ్చే పిల్ల. డిగ్రీ రెండో సంవత్సరం. సెలవొస్తే తల్లితో పత్తి ఏరను పోతది, మిరపకాయలు కొయ్యను పోతది. క్లాసయ్యాక స్టాఫ్‌రూముకొచ్చి చున్నీ తీసింది. బుగ్గలు కాల్చినట్టు ఎర్రగా ఉన్నాయి. పలచబడ్డ చర్మం కింద సన్నటి నరాలు తేలి కనపడుతున్నాయి. గడ్డం చుట్టూ మొటిమలు, నూగు వెంట్రుకలు. "ఎండలోకి పోతే మంట మేడం. రాయకుంటే ఇంకా మంట" అంది. సంచిలోంచి ట్యూబు తీసి చేతిలో పెట్టింది. మెడికల్ షాపులో నలభై రూపాయలు. ఏడాదిగా రాస్తోంది. డాక్టరు చీటీ ఏదని ఒక్కసారీ ఎవరూ అడగలేదు.

చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో మూడు పేర్లున్నాయి: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటసోన్. మూడోది స్టెరాయిడ్. డాక్టరు చూసి, కొన్నాళ్ల పాటు రాయమనాల్సిన మందు. మొదట్లో ముఖం నున్నగా, తెల్లగా కనపడుతుంది. తర్వాత చర్మం పలచబడుతుంది, ఎండకు ఓర్చుకోదు. ఆపితే మంట రెట్టింపవుతుంది. ఆ మంటకు భయపడి మళ్లీ అదే రాస్తారు. సారా లాగే ఇదీ అలవాటు చేసుకుని వదలదు. ఇట్లాంటి ముఖాలు ఎన్ని చూశారో గానీ, మన దేశపు చర్మవైద్యులు ఈ జబ్బుకు 'స్టెరాయిడ్‌తో పాడైన ముఖం' అని ప్రత్యేకంగా పేరే పెట్టారు. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. ఆ చట్టం ఢిల్లీలో బయల్దేరింది నిజమే, మా మండలానికి ఇంకా బస్సు దొరకలేదు.

ఇది మందుల షాపు సంగతి. ఫ్యాన్సీ షాపుల్లో, ఆన్‌లైన్‌లో పేరూ ఊరూ లేని డబ్బాల్లో ఇంకోటి దొరుకుతుంది: పాదరసం. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారుకాకుండా అది అడ్డుపడుతుంది. చర్మం గుండా లోపలికి దిగి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. 2014లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 32 ఫెయిర్‌నెస్ క్రీములు పరీక్షిస్తే 14టిలో పాదరసం బయటపడింది. కేరళ మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో డాక్టర్లు, 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు దాకా ఒక రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని పరిశీలించారు. 15 మందిలో అరుదైన ఒకే తరహా కనపడింది. వాళ్లలో 13 మంది తెల్లబడే క్రీములు రాసినవాళ్లే. మన 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం ముఖానికి రాసే క్రీములో పాదరసం కలపకూడదు. పొరపాటున చేరినా పది లక్షల్లో ఒక వంతు దాటకూడదు. రూల్ బాగానే ఉంది. డబ్బా తెరిచి కొలిచేదెవరు?

ఇక్కడ పెద్దమనుషులు లేచి ఉపన్యాసం మొదలుపెడతారు: "చదువుకున్న పిల్లలు, లేబుల్ చూసుకోవద్దా? నలుపు అందం కాదా? ఆత్మవిశ్వాసం ఉండాలి."

ఆ పిల్ల లెక్క వినండి. వాళ్లక్కకు సంబంధం వచ్చింది. "పిల్ల నలుపు, ఇంకో లక్ష కలపండి" అన్నారు. ఆ లక్ష కోసం తండ్రి అప్పు చేశాడు. తల్లీ కూతుళ్లు కూలికి పోయి తీరుస్తున్నారు. తన వంతు రాకముందే ఈ పిల్ల నలభై రూపాయల ట్యూబు కొనుక్కుంది. ఒకవైపు లక్ష, ఒకవైపు నలభై. ఆ లెక్క తప్పని ఏ ముఖం పెట్టుకుని చెప్పను? తెలివితక్కువై కాదు, లెక్క తెలిసే రాసుకుంది.

కులం జాతి విభజన కాదని బాబాసాహెబ్ 1936లోనే 'కుల నిర్మూలన'లో తేల్చాడు. పంజాబు బ్రాహ్మణుడూ పంజాబు చమారూ ఒకే జాతివాళ్లనీ, మద్రాసు బ్రాహ్మణుడూ మద్రాసు పరయా ఒకే జాతివాళ్లనీ వాదించాడు. నిజం అది. కానీ నల్ల బాపనాయన్నీ ఎర్రటి మాలోణ్నీ నమ్మొద్దనే సామెతలు మన ఊళ్లలో ఇంకా తిరుగుతున్నాయి. అంటే ఎవరు ఏ రంగులో ఉండాలో ముందే రాసిపెట్టుకున్నారు. రంగు కులాన్ని పుట్టించలేదు, కులమే రంగును తన గుర్తింపు కార్డు చేసుకుంది. ఎండలో వంగి పనిచేసే ఒంటిని నీచం చేసి, నీడలో కూచున్న ఒంటిని అందం చేసింది. 1975 నుంచి ఫెయిర్ అండ్ లవ్లీ ప్రకటనలు అమ్మింది ఆ పాత సరుకునే. ఆ క్రీములో విషం ఉందని నేననడం లేదు. తెల్లబడితేనే ఉద్యోగం, తెల్లబడితేనే మొగుడు అని అవి దారి వేశాయి. ఆ దారిలోనే ఈ ట్యూబులూ డబ్బాలూ నడిచొచ్చాయి. అమెరికాలో నల్లవాళ్లు వీధుల్లోకొచ్చాక, 2020లో 'ఫెయిర్' పోయి 'గ్లో' వచ్చింది. పేరు మార్చుకున్నంత మాత్రాన నలభై ఐదేళ్ల అవమానం మాసిపోదు.

మనవాళ్లకూ ఒక మాట. మన సంఘాల పెళ్లిసంబంధాల వాట్సాప్ గ్రూపుల్లో 'పిల్ల తెల్లగా ఉండాలి' అని పెట్టేదెవరు? గోగు శ్యామల గారు 2003లో దళిత స్త్రీల సాహిత్యాన్ని సంకలనం చేసి 'నల్లపొద్దు' అని పేరు పెట్టారు. ఆ పుస్తకం అల్మరాలో పెట్టుకుని, కోడలి కోసం రంగు చూస్తున్నాం. ముందు ఆ వాక్యం మన గ్రూపుల్లోంచి తీసేద్దాం.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి మూడు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు మండలాల్లోని మెడికల్ షాపులు, ఫ్యాన్సీ షాపులు తనిఖీ చేసి ఫలితాలు బయటపెట్టాలి. లేబుల్ మీద ఏముందో తెలుగులో, కంటికి ఆనేట్టు రాయాలి. స్టెరాయిడ్‌తో ముఖం పాడైనవాళ్లకు ఏరియా ఆసుపత్రిలోనే చర్మవైద్యులు అందుబాటులో ఉండాలి. విద్యార్థి సంఘాలు ఈ నెల కరపత్రంలో ఈ మూడూ పెట్టండి.

ఇప్పటికే ఇట్లాంటి ట్యూబు రాస్తున్న చెల్లెళ్లు, తమ్ముళ్లు భయపడి దాచుకోకండి, ఉన్నట్టుండి మీ అంతట మీరే ఆపేయకండి. ట్యూబు పట్టుకుని డాక్టరు దగ్గరికి పోండి. లైసెన్సు నంబరు, తయారుచేసినవాళ్ల అడ్రసు లేని డబ్బా ఏదైనా ముట్టుకోకండి.

మా పిల్లకు వైద్యం నడుస్తోంది. నెలలు పడుతుందన్నారు. ఇంకా చున్నీ కట్టుకునే వస్తోంది. నేనిప్పుడు గొంతు విని హాజరు వేస్తున్నాను.

జై భీమ్.