వజీఫా ఉంది, కాగితం ఏది? సీమలో మన పిల్లల వ్యవసాయ చదువు

కర్నూలు, కడప వైపు మన ఇళ్లల్లో బైపీసీ చదివిన పిల్లలకు నీట్‌లో ర్యాంకు రాకపోతే, ఆ తర్వాత వినిపించే మాట అగ్రికల్చర్ బీఎస్సీ. కాలేజీలు కూడా మరీ దూరం కాదు. మహానందిలో వ్యవసాయ కళాశాల, ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల, రైల్వే కోడూరు దగ్గర అనంతరాజుపేటలో ఉద్యాన కళాశాల ఉన్నాయి. తల్లిదండ్రులు ముందు అడిగేది ‘స్కాలర్‌షిప్ వస్తుందా?’ అని. నిజానికి అది రెండో ప్రశ్న. ఇంట్లో ఏ కాగితాలున్నాయన్నది మొదటి ప్రశ్న.

ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో 40 శాతం సీట్లు రైతు కోటావి. ఆ కోటాలో రావాలంటే కుటుంబానికి కనీసం ఎకరం సొంత భూమి ఉండాలి, పిల్లలు నాలుగేళ్లయినా మున్సిపాలిటీ కాని ఊళ్లో చదివి ఉండాలి. ఉద్దేశం మంచిదే, పల్లె పిల్లలకు సీటు దక్కాలని పెట్టారు. కానీ సీమలో మనవాళ్లు చాలామంది కౌలుకు చేస్తారు. పప్పుశనగ వేసేది, అప్పు తెచ్చేది, నష్టపోయేది వాళ్లే. పాస్‌బుక్ మాత్రం ఇంకొకరి పేర ఉంటుంది. 2019 చట్టం కింద ఇచ్చే సాగుదారు హక్కు కార్డు 11 నెలల సాగుకే, దాంతో కౌలుదారు భూయజమాని కాడు. చేలో పనిచేసే రైతు బిడ్డ కాగితం మీద రైతు బిడ్డ కాకుండా పోతున్నాడు. ఈ నిబంధన మార్చమని అడిగే గొంతు మన సంఘాల నుంచి గట్టిగా రావాలి.

భూమి ఉన్న ఇళ్లదీ ఇంకో తంటా. దాదా పోయి ఇరవై ఏళ్లయినా పట్టా ఆయన పేరనే ఉంటుంది. విరాసత్ పంచుకోరు, మ్యుటేషన్ చేయించుకోరు. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఎవరి హిస్సా వాళ్లకు రాసిచ్చేస్తే దీన్ ప్రకారం హక్కూ తీరుతుంది, కౌన్సెలింగ్ రోజున తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగే పనీ తప్పుతుంది.

ఇక కులం కాగితం. షేక్ సహా 14 వర్గాలకు రాష్ట్రంలో బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. దూదేకుల వాళ్లు బీసీ-బి. సయ్యద్, పఠాన్, మొగల్ వాళ్లకు అది లేదు, ఆదాయం తక్కువైతే ఈడబ్ల్యూఎస్ చూసుకోవాలి. సీట్లకూ ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ రాష్ట్రం లోపల ఇవి పనిచేస్తాయి. కేంద్రం దగ్గరికి వెళ్తే లెక్క మారుతుంది. దూదేకుల కేంద్ర ఓబీసీ జాబితాలో ఉన్నారు, బీసీ-ఇ షేక్‌లు లేరు. ఇక్కడ బీసీ అయిన పిల్లవాడు ఢిల్లీ ఫారంలో జనరల్ అవుతాడు.

పీహెచ్‌డీ చేసేవాళ్లకు ఈ తేడా బాగా తగులుతోంది. సచార్ కమిటీ నివేదిక తర్వాత 2009లో మొదలైన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కేంద్రం 2022 డిసెంబరులో ఆపేసింది. వేరే పథకాలు ఉన్నాయి, ఒకటే పని రెండుచోట్ల జరుగుతోందని కారణం చెప్పింది. ఓబీసీ ఫెలోషిప్ ఉంది కదా అంటే, పైన చెప్పిన షేక్ పరిశోధకుడికి ఆ తలుపు తెరుచుకోదు. విదేశీ చదువు రుణాలకు వడ్డీ భరించే పఢో పర్‌దేశ్ కూడా అదే ఏడాది పోయింది. పథకాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయన్న వాదన సీమ పిల్లల విషయంలో నిలబడదు.

మతం, కులం అడగకుండా మార్కుల మీద ఇచ్చేవి మిగిలాయి. భారత వ్యవసాయ పరిశోధన మండలి ద్వారా వేరే రాష్ట్రంలో డిగ్రీ సీటు తెచ్చుకుంటే జాతీయ ప్రతిభా వజీఫా ఇస్తారు. పీజీ ప్రవేశ పరీక్షలో పైర్యాంకు వస్తే పీజీ స్కాలర్‌షిప్ ఉంది, దాన్ని నెలకు 12,640 రూపాయలుగా నిర్ణయించారు. అయితే చేరే కాలేజీకి మండలి గుర్తింపు ఉండాలి. బోర్డు చూసి లక్షలు కట్టేముందు ఇది కనుక్కోవాలి. ఇంకో మాట, కొందరికి కష్టంగా ఉండొచ్చు. మొదటి వజీఫా రాష్ట్రం దాటితేనే వస్తుంది. ఆడపిల్లను హైదరాబాద్ దాకా పంపడానికే ఆలోచించే ఇళ్లల్లో ఆ డబ్బు చేతికి రాదు. హాస్టల్ చూసి రండి, అక్కడ చదువుతున్న అమ్మాయిలతో మాట్లాడండి, ఆ తర్వాతే వద్దనండి.

ఈ పరిశోధన మన చేలకు ఏం ఇస్తుందనేవాళ్లు నంద్యాల వెళ్లి చూడొచ్చు. అక్కడి పరిశోధన కేంద్రం 1906 నాటిది. యంత్రంతో కోయడానికి వీలుగా నిటారుగా పెరిగే ఎన్‌బీఈజీ-47 పప్పుశనగ అక్కడిదే. కూలీలు దొరకని నల్లరేగడి ఊళ్లకు అది ఎంత ఆసరానో రైతులే చెబుతారు. బనవాసి, యాగంటిపల్లె, ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రాల్లో శాస్త్రవేత్తల ఉపన్యాసాలకూ శిక్షణలకూ పట్టా అక్కర్లేదు, కౌలుదారూ వెళ్లొచ్చు. ఆ తేదీలు, ప్రవేశాల నోటిఫికేషన్లు జుమా నమాజు తర్వాత మస్జిద్‌లో చదివి వినిపించడానికి కమిటీలకు రెండు నిమిషాలు చాలు.

పదో తరగతి పిల్లలున్న ఇళ్లు ఈ సెలవుల్లోనే స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ పత్రాలు, పాస్‌బుక్ ఒకచోట పెట్టుకోవాలి. పాస్‌బుక్ మీద పేరు సరిగ్గా లేకపోతే ఇంటర్ అయ్యేలోపు సరిచేసుకోవడానికి ఇంకా రెండేళ్లు టైముంది.