రేఖ జరిగినా వాలు మారదు

‘ట్రాన్స్‌లేషన్’ అనగానే ప్రవాస బాలలకు స్ఫురించేది భాషానువాదమే. తెలుగు మాధ్యమపు ఇంటర్మీడియట్ గణితంలోని ‘సమాంతర పరివర్తనం’ అన్న పదంలో సిద్ధాంతమే ఇమిడి ఉన్నది. ఇంట లెక్కలు చెప్పే తల్లిదండ్రులు ఆ పదాన్నీ చెప్పడం ఎంతైనా అవసరం. తిప్పకుండా జరిపిన సరళరేఖ తన పూర్వస్థానానికి సమాంతరంగానే నిలుస్తుంది. మూలబిందువు గుండా పోయే, వాలు 2 గల రేఖను 3 ప్రమాణాలు పైకి జరిపినా వాలు 2గానే ఉంటుంది. అదే రేఖను కుడికి 1, పైకి 2 ప్రమాణాలు జరిపితేనో? ప్రతి బిందువూ కదులుతుంది. రేఖ మాత్రం ఉన్నచోటనే ఉంటుంది! సూత్రాల వల్లెవేతలో ఈ వింత మరుగున పడుతున్నది. వంటింటి ఉప్పు స్ఫటికంలోనూ ఇదే వింత: ఘనపు అంచు వెంబడి అయాన్ల వరుసను సుమారు 5.64 ఆంగ్‌స్ట్రామ్‌లు జరిపితే, ప్రతి సోడియం స్థానంలోకీ మరో సోడియం వచ్చి చేరుతుంది.