కెమెరా గేటుకేసి చూస్తే చాలు

గొలుసు దొంగల భయంతో అపార్టుమెంట్లలో సీసీ కెమెరాలు పెట్టించుకుంటున్నాం. మంచిదే. ఒకేసారి 100 మంది చేరే చోట అవి ఉండాలని, రికార్డింగు 30 రోజులు దాచాలని 2013లో ఉమ్మడి రాష్ట్రంలో చట్టమే చేశారు. కానీ వదినగారూ, ఇప్పటి హెచ్‌డీ కెమెరాల్లో పాతవాటిలా మసకబొమ్మ కాదు, మన తలుపు తీస్తే హాల్లో ఎవరున్నారో, ఏ చీర కట్టారో తెలిసిపోతుంది.

మా మీటింగులో ఇదే అడిగితే, "తప్పు చేయనివాళ్లకి భయమెందుకమ్మా?" అన్నారొక పెద్దాయన. తప్పు చేయకపోతే మాత్రం, తలంటుకుని గుమ్మంలోకొస్తే ఆయనగారి ఫోనులో కనబడాలా? గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది కదా.

చాలా కెమెరాల్లో 'ప్రైవసీ మాస్క్' అని ఉంటుంది. మన గుమ్మం మేరకు నల్లగా కప్పేస్తుంది, మెట్లూ గేటూ మామూలుగానే కనిపిస్తాయి. బిగించే అబ్బాయిని అడిగి చేయించుకోండి. పాస్‌వర్డు ఎవరెవరి దగ్గరుందో కూడా కనుక్కోండి. మా దగ్గర ఫ్లాటు అమ్ముకుని వెళ్లిపోయిన పాత సెక్రటరీగారి ఫోనులో కూడా ఉందట!