ధింసా ప్యాకేజీలో ఐటెం కాదు

పోస్టు కొంచెం పెద్దది. టూర్‌కు పైసలు కట్టేముందు చదవండి.

సెమిస్టర్ పరీక్షలు అయిపోతే చాలు, వరంగల్ హాస్టళ్లలో ఒకటే ముచ్చట: వైజాగ్, అరకు. రుషికొండ బీచ్, బోటింగ్, బొర్రా గుహలు, రాత్రికి టెంటు. పోవద్దని మేము అనడం లేదు. మాలో చాలామందిమి సముద్రాన్ని సినిమాల్లోనే చూసినం. మా పేచీ ఇట్లాంటి ప్యాకేజీల్లో చివరన ఉండే ఒక్క లైనుతోటే: 'క్యాంప్‌ఫైర్ దగ్గర ట్రైబల్ డ్యాన్స్ ఉచితం'.

ధింసా అంటే చైత్రంలో ఇటుకల పండుగకు, పెళ్లిళ్లకు, తుడుము, కిరిడి, మోరి మోగుతుంటే ఒకరి నడుం ఒకరు పట్టుకొని ఊరంతా గొలుసుకట్టి ఆడేది. దాన్ని బొంగు చికెన్‌కూ డీజేకూ మధ్య ఐటెం చేసి పెట్టారు. మేడారంలో చిలుకలగుట్ట నుంచి సమ్మక్క తల్లిని తెచ్చేటప్పుడు ఎవడన్నా వచ్చి 'వీడియో సరిగ్గా రాలేదు, మళ్లొకసారి తెండి' అంటే మనం ఊకుంటమా? మరి అరకు అక్కలను 'వన్స్ మోర్' అని అరవడానికి మనకెక్కడి హక్కు?

'వాళ్లకూ నాలుగు పైసలు వస్తున్నయి కదా' అంటారు. సరే, పైసల లెక్కే మాట్లాడుదాం.

అరకు రైల్లో కిటికీ దగ్గర కూసొని సొరంగాలు వీడియో తీస్తం. ఆ కొత్తవలస–కిరండూల్ లైను వేసింది మన సెల్ఫీల కోసం కాదు. బస్తర్‌లోని బైలడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపాన్‌కు పంపడానికి 1960లలో వేశారు. కొండ ఆదివాసులది, ఖనిజం పోయింది ఓడల్లో.

బొర్రా గుహల దగ్గర టికెట్ తీసుకునే ప్రతి ఒక్కరూ ఇంకో ముచ్చట తెలుసుకోవాలి. ఆ అనంతగిరి ప్రాంతంలో మైనింగ్ లీజుల మీద నడిచిన కేసే సమత కేసు. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: ఏజెన్సీలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదు. తవ్వితే ప్రభుత్వ సంస్థ తవ్వాలి, లేదా గిరిజనుల సహకార సంఘం తవ్వాలి. నికర లాభంలో కనీసం 20 శాతం గిరిజనుల అభివృద్ధికి పక్కన పెట్టాలి. దీనికి ఆధారం మనందరం వినే 1/70 చట్టం. కొండ కింద రాయికే ఈ నియమం ఉంటే, కొండ మీద లేచే రిసార్టుకు ఎందుకు ఉండదు? పట్టా మనోడి పేరు మీద, గల్లాపెట్టె పట్నపోడి చేతిలో ఉంటే అది టూరిజం కాదు, బినామీ.

ఆపద వచ్చినప్పుడు మాత్రం మనమే కావాలి. 2019 సెప్టెంబర్ 15న పాపికొండల టూరిస్టు బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. అందులో మన కాజీపేట పక్కన కడిపికొండ వాళ్లూ ఉన్నారు. 26 మంది ప్రాణాలతో బయటపడ్డారంటే, మొదట పడవలేసుకొని ఉరికొచ్చింది కచ్చులూరు ఆదివాసులే. ఆ గోదావరి ఒడ్డు ఊళ్లకు దక్కింది ఏంది? పోలవరం ముంపు. బోటు తిప్పేటప్పుడు వాళ్లను అడిగినోడు లేడు, ఊరు ముంచేటప్పుడు వాళ్ల మాట ఆగినోడు లేడు.

మన దగ్గర కూడా ఇదే ప్రశ్న. వాజేడు మండలంలో బొగత జలపాతం వానకాలం వచ్చిందంటే కార్లతో నిండుతది. టికెట్ పైసలు, పార్కింగ్ పైసలు ఎంత వచ్చినయో, ఎవరికి పోయినయో చుట్టుపక్కల కోయగూడేల గ్రామసభల్లో చదివి వినిపించాలి. తమ వనరులను, ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే శక్తి గ్రామసభకు ఉందని 1996 పెసా చట్టమే చెప్తుంది. అంటే నీళ్లూ మనవే, ఆటా మనదే. మనం అక్కడ జొన్నకంకులు కాల్చి అమ్మేటోళ్లం మాత్రమే కాదు.

అందుకే మేము మూడు మాటలు అంటున్నం. ఒకటి, 'ట్రైబల్ డ్యాన్స్' ఉన్న ప్యాకేజీ మన గ్రూపు నుంచి ఎవరూ బుక్ చేయొద్దు. ఊరోళ్లు పండుగకు పిలిస్తే పోదాం, గొలుసులో చెయ్యి కలిపి ఆడుదాం. రెండు, బస చేసే టెంటు ఎవరిది, భూమి ఎవరిది అని అడిగే పైసలు కట్టాలి. స్థానిక గిరిజనులు నడిపేచోటే దిగాలి. మూడు, లా చదివే అన్నలు, అక్కలు బొగత ఆదాయం లెక్కల కోసం సమాచార హక్కు దరఖాస్తు రాయాలి. సంతకాలు మేము హాస్టల్ రూం రూంకు తిరిగి తెస్తం.

'ట్రిప్పు మూడ్ చెడగొడుతున్రు' అని కామెంట్ పెట్టేటోళ్లకు ఒకటే జవాబు. సముద్రం చూద్దాం, కొండలెక్కుదాం, ఫొటోలు దిగుదాం. కానీ మనోళ్ల ఇంటికి సుట్టాల్లెక్క పోదాం, గిరాకీ లెక్క కాదు.