తిరిగొచ్చినోడే గెలిచినట్టా?



అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు పి.జె. టక్కర్ పేరు చెప్తే 2021లో మిల్వాకీ బక్స్‌తో ఎన్‌బీఏ టైటిల్ గెలిచాడనే అంటారు. నాకైతే అంతకు చాలా ముందు, బయటి దేశాల్లో అతను ఆడిన అయిదేళ్లే ముఖ్యం అనిపిస్తది.

2006 డ్రాఫ్టులో టొరంటో రాప్టర్స్ అతన్ని 35వ ఆటగాడిగా తీసుకుంది. 17 మ్యాచులు ఆడించి వదిలేసింది. ఆ తర్వాత ఇజ్రాయెల్, ఉక్రెయిన్, గ్రీస్, ఇటలీ, ప్యూర్టో రికో, జర్మనీ తిరిగాడు. ప్రతిచోటా కొత్త భాష, కొత్త తిండి, కొత్త కోచ్. 2008లో హపోయెల్ హోలోన్ అనే చిన్న క్లబ్బు ఫైనల్లో మక్కాబి టెల్ అవీవ్‌ను ఓడించి ఇజ్రాయెల్ లీగ్ గెలిచింది. ఆ సీజన్ ఉత్తమ ఆటగాడు టక్కరే. 2012లో జర్మనీలో బాంబెర్గ్ జట్టుతో లీగ్ గెలిచినంక ఫీనిక్స్ సన్స్ తీసుకుంది. అప్పటికి 27 ఏళ్లు.

ఇట్ల దేశాలు తిరిగే ఆటగాళ్లలో ఎక్కువమందికి మళ్లీ ఎన్‌బీఏ పిలుపు రాదు. మరి వాళ్లంతా ఓడిపోయినట్టేనా? కాదంటాను. రోజూ ఆడి, ఆ జీతంతో ఇల్లు నడిపినోళ్లు కూడా ఆటగాళ్లే.

మనకాడ గ్రూప్స్, డీఎస్సీ రాకపోతే "ఏం సాధించిండు?" అంటారు. కాంట్రాక్టు మీద పనిచేసే అన్నని, ఏడాదికో స్కూల్ మారే గెస్ట్ టీచర్ అక్కని లెక్కలోకే తీసుకోం. కాంట్రాక్టు బతుకు మంచిదని నేను అనట్లేదు, పర్మినెంట్ కోసం కొట్లాడాల్సిందే. కానీ వాళ్ల కష్టానికి విలువ ఇయ్యడానికి ఆర్డర్ కాపీ దాకా ఆగాలా? ఈసారి హాస్టల్ మీటింగుకి ఆఫీసర్లతో పాటు వాళ్లని కూడా పిలుద్దాం. ఏమంటారు?

జై ఆదివాసీ.