తాడు కట్టేస్తే సరిపోతుందా?

మా మరిదివాళ్ళుండే ఫ్లోరిడాలో కలవారి సరదా ఒకటుంది. చేపల వేటకని పెద్ద యాట్‌లో బహామాస్ దాకా వెళ్తూ, వెనకాల చిన్న పడవని తాడుతో లాక్కుపోతారు. లోతు తక్కువ నీళ్ళలో తిరగడానికి అది కావాలిట.

మయామీ నుంచి బిమినీ దీవి సుమారు 80 కిలోమీటర్లే. కానీ మధ్యలో గల్ఫ్ స్ట్రీమ్ అనే ప్రవాహం ఉత్తరానికి పరుగులు తీస్తుంటుంది. దానికి ఉత్తరపు గాలి ఎదురైందా, అలలు నిట్టనిలువుగా లేస్తాయి.

నైలాన్ తాడు సాగుతుంది కాబట్టే అలల కుదుపుని ఓర్చుకుంటుంది. అదే తాడు సాగి సాగి తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది. ఫోటోల కోసం సరిగ్గా అక్కడే పిల్లల్ని నిలబెడితే ఏమనాలి చెప్పండి?

నన్నడిగితే, వెనక పడవలో మనుషులెవ్వరూ కూర్చోకూడదు. తాడు దరిదాపుల్లోకి పిల్లల్ని రానివ్వకూడదు. ఆ పడవనే కనిపెట్టుకుని ఒకరుండాలి. గాలి మారితే ప్రయాణం మానుకోవాలి. లక్షల డాలర్లు పోసి పడవ కొన్నవాళ్ళకి ఒక్కరోజు ఆగడం అంత బరువా?

"ఆడవాళ్ళకేం తెలుసు, ఉత్త పిరికివాళ్ళు" అంటారని పడవెక్కిన ఇల్లాళ్ళు నోరు మూసుకోనక్కర్లేదు. "ఇవాళ వద్దు, రేపు వెళ్దాం" అనడం పిరికితనం కాదు, ఇంగితం.