గెలుపు గుర్రాల లెక్క

ఒక స్త్రీ ఎన్నికల్లో నిలబడగానే అందరూ జోస్యులైపోతారు. ఆమె ఏం చెబుతోందని ఎవరూ అడగరు. 'గెలుస్తుందా?' అని అడుగుతారు. మన పార్టీలు టిక్కెట్లు పంచేటప్పుడు వాడే 'గెలుపు గుర్రం' అన్న మాటలోనే ఈ మోసమంతా ఉంది. గుర్రానికి దాణా వేయకుండా, మైదానంలోకి రానివ్వకుండా, అది పరిగెత్తలేదని తేల్చడం ఎక్కడి న్యాయం?

నల్లజాతి స్త్రీల ఆత్మకథల మీద పనిచేస్తున్న నాకు ఈ ప్రశ్న వినపడినప్పుడల్లా షిర్లీ చిజమ్ గుర్తొస్తుంది. 1968లో అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి నల్లజాతి స్త్రీ ఆమె. 1972 జనవరిలో బ్రూక్లిన్‌లోని ఒక చర్చిలో, డెమొక్రటిక్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి పోటీ పడుతున్నానని ప్రకటించింది. నల్లజాతి నాయకులు చాలామంది ఆమెను స్త్రీల అభ్యర్థిగా చూసి పక్కన పెట్టారు. పేరున్న స్త్రీవాదులు కొందరు ఆమెను మెచ్చుకుంటూనే మెక్‌గవర్న్ వైపు నడిచారు. కాలిఫోర్నియా ప్రైమరీ ముందు టీవీ చర్చలకు ఆమెను పిలవలేదు. ఫిర్యాదు చేసి, కోర్టుకు వెళ్ళి ప్రసార సమయం సాధించుకోవాల్సి వచ్చింది. ఇన్ని తలుపులు మూసేసి, 'చూశారా, ఆమెకు అవకాశం లేదు' అన్నారు.

ప్రైమరీ అంటే అంకెలే కదా, ఓటు వృథా చేసుకోవడమెందుకు అని మనలోనే కొందరంటారు. సరే, అంకెలే చూద్దాం. ఆ ఏడాది కాలిఫోర్నియాలో మొదటి స్థానం వచ్చినవారికే 271 మంది ప్రతినిధులూ దక్కారు. అలాంటి నిబంధనలో వెనకున్నవాళ్ళకు ఓటేయడం నష్టమే అనిపిస్తుంది. కానీ ముందు వరుసలో ఉన్న మస్కీ ఏప్రిల్‌కల్లా చతికిలబడ్డాడు. మొదట్లో ఎవరూ లెక్కచేయని మెక్‌గవర్న్ అభ్యర్థి అయ్యాడు. నవంబరులో 50 రాష్ట్రాల్లో 49 ఓడిపోయాడు. ఆ 'తెలివైన' ఓట్లు ఏ నిక్సన్‌ను ఆపగలిగాయి? వెనకబడ్డ పురుషుడు బరిలో ఉంటే పట్టుదల అంటారు, అదే పని స్త్రీ చేస్తే పంతం అంటారు.

మయామీ బీచ్ సభలో మూడు వేలకు పైగా ప్రతినిధుల్లో చిజమ్‌కు దక్కినవి 152 ఓట్లు. అందులో హంఫ్రీ వదిలిపెట్టిన నల్లజాతి ప్రతినిధులవీ ఉన్నాయి. ఆ సంఖ్యను పెద్దది చేసి చూపాల్సిన అవసరం నాకు లేదు. ఆమె ప్రచారంలో పనిచేసిన కాలేజీ విద్యార్థిని బార్బరా లీ, ఆ ఎన్నికల కోసమే మొదటిసారి ఓటరుగా నమోదైంది. తర్వాత కాంగ్రెస్ సభ్యురాలై, 2001 సెప్టెంబరులో యుద్ధాధికారాల తీర్మానానికి వ్యతిరేకంగా ఓటేసిన ఏకైక వ్యక్తి ఆమే. గెలుపు గుర్రాల లెక్కలో ఈ ఓటుకు గడి ఎక్కడుంది?

2016లో, 2024లో స్త్రీ ఓడిపోగానే 'దేశం ఇంకా సిద్ధంగా లేదు' అన్నారు. పురుషుడు ఓడితే మాత్రం దేశం పురుషుడికి సిద్ధంగా లేదని ఎవరూ అనరు. దేశాన్ని సిద్ధం చేసేది ఎవరు? ఓడిపోతామని తెలిసీ నిలబడినవాళ్ళూ, వాళ్ళ వెనక నిలబడినవాళ్ళూ. 'గెలుస్తుందా?' అన్న ప్రశ్న పార్టీ ఆఫీసులు వేసుకుంటే వేసుకోనీ. మనం వేయాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆమె గెలవడానికి మనమేం చేశాం?